తాళం పడిన ఊరి ఇల్లు: పాడుపడకుండా నిలుపుకునే పద్ధతి

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఏ పల్లెకు పోయినా వీధికి మూడు నాలుగు ఇళ్ళకు తాళాలు కనబడతాయి. పిల్లలు తిరుపతిలోనో బెంగళూరులోనో చెన్నైలోనో స్థిరపడి ఉంటారు. తాత పోయాక అవ్వను టౌనుకు పిలుచుకుపోయి ఉంటారు. పండక్కి పోయినప్పుడు చూసుకుందాంలే అనుకుంటారు. మూడు పండగలు తిరిగేసరికి వంటింటి మూల కుంగిపోయి ఉంటుంది.

ఎనభై ఏళ్ళు నిలిచిన ఇల్లు తాళం పడ్డ నాలుగేళ్ళకే ఎందుకు పడిపోతుంది? మనుషులు మసలే ఇంటికి వాళ్ళకు తెలియకుండానే రోజూ మరమ్మతు జరుగుతుంటుంది. పొయ్యి పొగ వాసాలకు పట్టి పురుగును దగ్గరికి రానివ్వదు. రోజూ పరక పట్టి ఊడుస్తుంటే గోడ మొదట్లో లేచిన చెదమట్టి లేచినట్టే రాలిపోతుంది. తలుపులు తెరిచి ఉంటే చెమ్మ ఆరుతుంది. మిరపకాయలు ఎండబెట్టడానికి మిద్దె ఎక్కిన మనిషి పగులును చూస్తుంది, తూములో ఇరుక్కున్న ఆకులు తీసేస్తుంది. తాళం వేసిన రోజున ఇవన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. ఆగిపోయిన ఆ పనుల్ని ఏడాదిలో ఎప్పుడు, ఎవరు, ఎంత చేయాలో లెక్క కట్టుకుంటే ఇల్లు నిలుస్తుంది. ఆ లెక్క ఎట్లా కట్టాలో ఇక్కడ వివరంగా చెబుతున్నాం.

మేస్త్రీ కంటే ముందు ఇంటివాళ్ళు

మేస్త్రీని పిలవకముందే ఇంటివాళ్ళందరూ ఒకచోట కూర్చోవాలి. కుదరకపోతే ఫోన్లోనైనా మాట్లాడుకోవాలి. ఒకే ఇల్లు ఒక్కొక్కరికి ఒక్కో రకంగా ఇల్లు. అదేమిటో అడగకుండా పని మొదలుపెడితే, లక్షలు పోసి టైల్సు వేయించాక అవ్వ వచ్చి వాకిట్లోనే కూర్చుంటుంది, లోపలికి రాబుద్ధి కాక.

ప్రతి ఒక్కరినీ మూడు ప్రశ్నలు అడిగి జవాబులు పేరు పేరునా నోటుబుక్కులో రాయండి. ఈ ఇంట్లో ఏ తావు లేకపోతే ఇది మన ఇల్లనిపించదు? ఏడాదికి ఎన్ని రాత్రులు ఇక్కడ నిద్ర చేస్తారు? ఏడాదికి ఎంత డబ్బు, ఎన్ని రోజుల పని ఇవ్వగలరు?

మొదటి ప్రశ్నకు వచ్చే జవాబులు సాధారణంగా ఇట్లా ఉంటాయి. అవ్వకు పొయ్యి, దేవుడి గూడు, దొడ్డి కావాలి. టౌను ఇంట్లో ఆమెకు దొరకనివి అవే. పొయ్యి పగలగొట్టి గ్రానైటు దిమ్మె కట్టిస్తే ఆ ఇంట్లో ఆమెకు చేయడానికి పనే మిగలదు. పాత పొయ్యిని ఉన్నచోటే ఉంచి, పక్కన అడుగు ఎత్తు పీట వేయించండి, గ్యాసు స్టవ్వును ఇంకో గోడకు పెట్టండి. మోకాళ్ళ నొప్పులుంటాయి కాబట్టి ఆమె కోసం మార్చాల్సింది మరుగుదొడ్డి. కుర్చీలాంటి కమోడు, దాని పక్కన గోడకు గట్టి పట్టుకమ్మీ బిగించాలి.

బెంగళూరు కొడుకు పిల్లలకు కావలసింది శుభ్రమైన బాత్రూము, దోమతెర, ఫోను సిగ్నలు. ఇవి లేకపోతే రెండో రోజే పోదామంటారు. అది పిల్లల తప్పు కాదు. ఈ ఇల్లు వాళ్ళది కూడా కావాలంటే వాళ్ళు పది రోజులు హాయిగా ఉండగలగాలి.

పెళ్ళయిన ఆడబిడ్డకు ఇది పుట్టిల్లు. ఆమె పెట్టె, ఆమె పుస్తకాలు ఉన్న అలమర ఆమెను అడగకుండా ఖాళీ చేయొద్దు. హిందూ కుటుంబాల్లో ఉమ్మడి ఆస్తి మీద కూతురికి పుట్టుకతోనే కొడుకుతో సమానమైన హక్కును 2005 సవరణ చట్టం ఇచ్చింది. అంతకు ముందే, 1985 సెప్టెంబరు నాటికి పెళ్ళికాని కూతుళ్ళకు ఆంధ్రప్రదేశ్ తన సొంత సవరణ ద్వారా ఆ హక్కు కల్పించింది. తండ్రి 2005కు ముందే పోయినా కూతురి హక్కు పోదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి ఆమెను పిలవకుండా తీసుకునే నిర్ణయం మనసులోనే కాదు, కాగితం మీద కూడా చెల్లకపోవచ్చు. మొదటి ఫోను ఆమెకే చేయండి.

కోడలిని విడిగా అడగండి, అందరి ముందు చెప్పదు. బాత్రూముకు లోపలి గడియ లేదనో, రాత్రి దొడ్లోకి పోవడానికి లైటు లేదనో చెబుతుంది. రెండూ ఒక్క పూటలో అయిపోయే పనులు. ఆమె ఇన్నేళ్ళూ ఆ ఇంటికి రావడానికి వెనకాడింది వాటికోసమే అయ్యుండొచ్చు.

ఇంకొకరు మిగిలారు. మీ పంచలో వేరుశనక్కాయలు ఆరబోసుకునే పక్కింటి కుటుంబం. వాళ్ళ కాలు తొక్కుతున్నందుకే మీ వాకిట్లో పిచ్చిచెట్లు మొలవలేదు. వాళ్ళ పేరు కూడా నోటుబుక్కులో రాయండి.

రెండో ప్రశ్నతో పని ఎంతో తేలుతుంది. అందరివీ కలిపి ఏడాదికి 15 రాత్రుల లోపే అయితే ఒక గది, వంటిల్లు, బాత్రూము మాత్రం వాడుకకు తెచ్చుకోండి. మిగతా గదులకు కప్పు కారకుండా, గాలి ఆడేలా చూస్తే చాలు. ఇల్లంతా ఒకేసారి బాగు చేయాలని దిగి సగంలో డబ్బు అయిపోయి, కప్పు విప్పిన గది వానలో తడిసిపోవడం అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు.

డబ్బు తక్కువైతే మొత్తం కప్పుకే పెట్టండి

నెత్తిన కప్పు బాగుంటే గోడ పదేళ్ళైనా ఓర్చుకుంటుంది. కప్పు కారితే గోడ రెండు వానాకాలాలు కూడా ఆగదు. మనకు నైరుతి వానలతో పాటు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు కూడా ఉంటాయి. తుపాను పట్టిందంటే రోజుల తరబడి వదలదు. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులై పారింది ఆ కాలపు వానకే. కాబట్టి కప్పు పని సెప్టెంబరు చివరికల్లా ముగియాలి. కప్పు మీది సున్నపు గార పనికి ఫిబ్రవరి, మార్చి మంచివి. మే ఎండలో సున్నం ఆరాల్సినదానికంటే వేగంగా ఆరి పగులుతుంది.

మట్టి మిద్దె: దూలాలు, వాసాల మీద కంప, ఆకు పరిచి, పైన చవుడు మన్ను వేసి అణచిన కప్పు ఇది. వానలకు ముందు ఏటా కొత్త మన్ను వేస్తారు. పాత మన్ను తీయకుండా దానిమీదే వేసుకుంటూ పోవడం దగ్గరే చేటు వస్తుంది. నూరు చదరపు అడుగుల కప్పు మీద ఒక్క అంగుళం మందం మన్ను దాదాపు 350 నుంచి 400 కిలోలు తూగుతుంది. ఇరవై ఏళ్ళుగా ఏటా అర అంగుళం వేస్తూ పోయిన కప్పు మోస్తున్న బరువెంతో మీరే లెక్కేసుకోండి. తడిస్తే ఇంకా పెరుగుతుంది. ముందు పైన వదులైన మన్ను గోకి దించండి, తరువాత అంగుళం మించకుండా కొత్తది వేసి, తడిపి, చెక్కతో అణచండి. తూము వైపు ప్రతి ఐదడుగులకు అంగుళం చొప్పున వాలు ఉండాలి. ఈ కప్పు మీద సిమెంటు పూయొద్దు. సిమెంటు పగిలిన చోట నీళ్ళు దిగుతాయి కానీ బయటికి ఆరే దారి ఉండదు, కింద కట్టె కుళ్ళుతుంది. ప్లాస్టిక్ పట్ట ఏడాది పొడవునా కప్పి ఉంచినా ఇదే జరుగుతుంది. పట్ట తుపాను నాలుగు రోజులకే.

సున్నపు మిద్దె: కట్టె దూలాల మీద సన్న ఇటుకలను నిలువుగా పేర్చి, సున్నం, ఇటుక ముక్కలు దిమ్మిస కొట్టి చేసిన కప్పు. ఇది కారుతోందనగానే పైన నీళ్ళు కట్టి చూడమంటారు. కాంక్రీటు కప్పుకు ఆ పరీక్ష పనికొస్తుంది, దీనికి ప్రమాదం. నూరు చదరపు అడుగుల మీద అంగుళం లోతు నీళ్ళు నిలిస్తే సుమారు 235 కిలోల బరువు పడుతుంది. అనుమానం ఉన్న చోట రెండు బకెట్ల నీళ్ళు నిదానంగా పోసి, అరగంట ఆగి, కింద తడిసిన చోట బొగ్గుతో గుర్తు పెట్టండి. తడి కనబడిన చోటికి నేరుగా పైనే పగులు ఉండాలని లేదు. నీళ్ళు దూలం వెంబడి రెండు మూడు అడుగులు జారి వచ్చి ఉండొచ్చు, అందుకే చోటు మార్చి మార్చి పోయాలి. దొరికిన పగులును అర అంగుళం వెడల్పుకు తెరిచి, దుమ్ము ఊది, తడిపి, ఒక పాలు సున్నానికి రెండు పాళ్ళ ఇటుక పొడి కలిపిన గారతో పూడ్చండి. పాత మేస్త్రీలు కరక్కాయలు, బెల్లం నానబెట్టిన నీళ్ళతో కలుపుతారు. దొరికితే ఆ మేస్త్రీనే పిలవండి. మీద తడి గోనెపట్టలు పరిచి పది రోజులు తడి ఆరకుండా చూడాలి. ఇక్కడే అందరూ తొందరపడతారు. మూడో రోజుకే వదిలేసిన గార గోరుతో గీరితే పొడిగా రాలుతుంది.

పెంకులు: పట్టపగలు తలుపులు మూసి లోపల నిలబడి పైకి చూడండి. వెలుతురు చుక్క కనబడిన ప్రతిచోటా పెంకు జరిగిందో పగిలిందో అని అర్థం. మంగళూరు పెంకులైతే నూరు చదరపు అడుగులకు దాదాపు 150 పడతాయి. పాత కొలత పెంకులు తరువాత దొరకవు కాబట్టి ఎవరైనా ఇల్లు విప్పుతున్నప్పుడు ఓ యాభై కొని గోడవార నిలబెట్టుకోండి. కొండ దాపు ఊళ్ళలో కోతులు పెంకులు జరుపుతూనే ఉంటాయి. అక్కడ నెలకొకసారి చూసే మనిషి ఉండి తీరాలి.

కప్పు ఏదైనా పిట్టగోడ పగుళ్ళలో రావి, మర్రి మొక్కలు మొలుస్తాయి. వేలెడు మొక్కగా ఉన్నప్పుడు వేరుతో సహా వచ్చేస్తుంది. వేరు బొటనవేలంత లావైతే లాగొద్దు, ఇటుకలు కూడా ఊడి వస్తాయి. మొదలుకంటా కోసి, చిగురు వేసినప్పుడల్లా నెలనెలా గిల్లేస్తూ పోతే ఆకు లేక వేరు చస్తుంది. ఆ తరువాత సున్నపు గారతో పూడ్చండి.

ఇక దూలాలు. దూలం నడుమ చూసి బాగుందనుకుంటారు. కుళ్ళేది గోడలో దూరిన కొసల దగ్గర. స్టూలెక్కి చిన్న సుత్తితో నడుమ నుంచి కొస దాకా తట్టుకుంటూ పోండి. గట్టి కట్టె టంగుమంటుంది, తిన్న కట్టె డొల్లగా పలుకుతుంది. గోడకు ఆనుకున్న చోట సన్న దబ్బనంతో గుచ్చండి. అర అంగుళం కంటే లోతుకు సులువుగా దిగితే ఆ గదిలో పడుకోవద్దు. గోడకు అడుగు దూరంలో నిలువు ఊతం పెట్టించి, ఇంజనీరునో అనుభవమున్న వడ్రంగినో చూపించాకే ముందుకు పోవాలి.

గడపను పడుకుని చూడండి

ఇంటి ఆరోగ్యం ఒక్కచోట చూడాలంటే గడప చూడాలి. పండగకు రాగానే పసుపు పూసి బొట్లు పెట్టే ముందు, నేల మీద పడుకుని, ఫోను లైటు వేసి గడప లోపలి అంచు చూడండి. బయటి వైపు రోజూ ఎండ తగులుతుంది, లోపలి అడుగు భాగం మట్టిని ఆనుకుని చీకట్లో ఉంటుంది. చెద మొదట ఎక్కేది అక్కడే. పెన్సిలంత లావు మట్టి గొట్టం ఒకటి నేల నుంచి కట్టెలోకి ఎక్కి ఉంటుంది. దాన్ని అంగుళం మేర విరగ్గొట్టండి. లోపల తెల్ల పురుగులు పరుగెత్తితే చెద ఉన్నట్టే. ఖాళీగా ఉంటే వారం తరువాత మళ్ళీ చూడండి. విరిగిన చోటు తిరిగి పూడి ఉంటే అది కూడా ఉన్నట్టే.

చాలామంది ఏటా పసుపు రాసే పని తప్పుతుందని గడపకు పసుపు రంగు ఆయిలు పెయింటు వేయిస్తున్నారు. తాళం వేసిన ఇంటికి ఇది చేటు. పెయింటు పొర పైకి చెక్కుచెదరకుండా నిగనిగలాడుతుంటుంది, లోపల కట్టె అంతా తినేసి ఉంటుంది. కాలు పెడితే అట్టముక్కలా లోపలికి పోతుంది. నిజం పసుపు ఏటా కడిగి పూయాలి, ఆ వంకన ఏటా ఒక చేయి ఆ కట్టెను తడుముతుంది.

చెద ఉందని తేలితే మందు ఇట్లా వేయాలి. నేల, గోడ కలిసే అంచు వెంబడి అడుగుకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల రంధ్రాలు వేయించండి. ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం ఎస్‌సీ మందును లీటరు నీళ్ళకు 2.1 మిల్లీలీటర్ల చొప్పున కలిపి, ఒక్కో రంధ్రంలో పీల్చుకున్నంత, లీటరు మించకుండా పోయాలి. నలభై అడుగుల గోడకు నలభై రంధ్రాలు, నలభై లీటర్ల నీళ్ళు, 84 మిల్లీలీటర్ల మందు. రంధ్రాలు గారతో మూసేయండి. చేతులకు తొడుగులు, ముక్కుకు మాస్కు ఉండాలి, పిల్లల్నీ పశువుల్నీ ఆ రోజుకు దూరంగా ఉంచాలి. బావికి, బోరుకు దగ్గర గోడలకు ఈ పని సొంతంగా చేయొద్దు. పైన కనబడే గొట్టాలు దులిపి కిరసనాయిలు పూస్తే చెద పోదు, ఇంకో మూల నుంచి ఎక్కుతుంది. పుట్ట నేల అడుగున ఉంది కదా.

గోడకు సున్నమే

మట్టితోనో సున్నంతోనో కట్టిన గోడకు సిమెంటు ప్లాస్టరు, డిస్టెంపరు వేయించొద్దు. నేలలోని చెమ్మ గోడలోకి పాకుతూనే ఉంటుంది. సున్నం దాన్ని బయటికి ఆరనిస్తుంది, సిమెంటు లోపలే బంధిస్తుంది. రెండేళ్ళకు ప్లాస్టరు ఉబ్బి, తట్టితే పలకలు పలకలుగా ఊడుతుంది, వెనక మట్టి తడిగా మెత్తబడి ఉంటుంది.

రాతిసున్నం కిలోకు ఐదు లీటర్ల చొప్పున నీళ్ళు తీసుకుని, సున్నాన్ని కొద్దికొద్దిగా ఆ నీళ్ళలో వేసి చల్లార్చండి. ఉడుకుతుంది, ముఖం దూరంగా పెట్టుకోవాలి, కంటికి తగిలితే ప్రమాదం. ప్లాస్టిక్ బకెట్టులో కలపొద్దు, వేడికి మెత్తబడుతుంది. ఒక రోజంతా ఉంచి, ముతక గుడ్డలో వడగట్టండి. కాస్త జిగురు వేడినీళ్ళలో కరిగించి కలపండి, లేకపోతే చేతికి అంటుకుంటుంది. తెలుపు మెరవాలంటే కిలోకు 3 గ్రాములు మించకుండా నీలిమందు వేయండి. పాత పొర గీకి, గోడ కాస్త తడిపి, పలచగా రెండు మూడు పూతలు వేయాలి. ఒకే పూతలో చిక్కగా వేస్తే పెచ్చులుగా రాలుతుంది.

నీళ్ళు, కరెంటు

పోయేటప్పుడు మిద్దె మీది ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, మూత బిగించి పోండి. సగం నీళ్ళతో వదిలిన తొట్టి, సంపు, రోలు గుంట అన్నీ దోమలకు పురుడు గదులే. రోలు బోర్లించలేం కాబట్టి దాని గుంట నిండా ఇసుక పోయండి. తిరిగి వచ్చాక ట్యాంకు రుద్ది కడిగి, వెయ్యి లీటర్లకు 200 గ్రాముల బ్లీచింగు పౌడరు కలిపిన నీళ్ళతో నింపి, కుళాయిలన్నీ వాసన వచ్చేదాకా ఒకసారి తిప్పి, నాలుగు గంటలు ఉంచి పారబోయండి. తాగే నీళ్ళకు వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల పౌడరు సరిపోతుంది. రెండు కొలతలూ తారుమారు కాకూడదు.

మరుగుదొడ్డి, బాత్రూము తూముల్లో వంపు దగ్గర రెండంగుళాల లోతు నీళ్ళు నిలిచి ఉంటాయి. గుంతలోని వాసనను, బొద్దింకలను ఆపేది ఆ నీళ్ళే. వేసవిలో అవి ఇంకిపోతాయి. పోయే ముందు ఒక చెంబు నీళ్ళు పోసి, పైన రెండు చెంచాల వంటనూనె వేస్తే ఆవిరి కావడం బాగా తగ్గుతుంది. బోరు మోటారును పదిహేను రోజులకొకసారి పది నిమిషాలు ఆడించే మనిషి ఉండాలి, లేకపోతే పట్టేస్తుంది.

కరెంటు సర్వీసు తీసేయించొద్దు, బిల్లు ఫోన్లోనే కట్టుకోవచ్చు. మెయిను ఆపి, మోటారుకు, బయటి లైటుకు మాత్రం విడిగా లైను పెట్టించండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తనంతట తానే ఆపేసే స్విచ్చు) ఒకటి బిగించాలి. తడి గోడకు కరెంటు దిగినా, ఎలుకలు తీగ కొరికినా అది పడిపోయి ప్రాణం కాపాడుతుంది. వేసవిలో ఎర్తు గుంతలో రెండు బకెట్ల నీళ్ళు పోయడం మరవొద్దు.

పండగల లెక్కే మరమ్మతు లెక్క

ఏడాదికి నాలుగుసార్లు పోతే ఇల్లు నిలుస్తుంది. ఆ నాలుగూ మన పండగలకు చక్కగా అమరుతాయి, కొత్త తేదీలు వెతుక్కోనక్కర్లేదు.

సంక్రాంతికి చలి, పొడి గాలి. సున్నం కొట్టడం, సామాన్లు ఎండకు వేయడం, కనుమ నాటికి దొడ్డి బాగు చేసుకోవడం ఇప్పుడే. కుటుంబం మొత్తం వచ్చేది కూడా ఇప్పుడే కాబట్టి ఆ మూడు ప్రశ్నల నోటుబుక్కు ఏటా ఇప్పుడు మళ్ళీ తిరగేయండి. పోయిన ఏడు ఉద్యోగంలో ఉన్నవాళ్ళు ఈ ఏడు రిటైరై ఉంటారు, జవాబులు మారతాయి.

గంగజాతర ఎండాకాలంలో వస్తుంది. చాటింపు వేశాక ఊరి పొలిమేర దాటకూడదని తిరుపతిలో పాత కట్టుబాటు. ఊరికి చెందిన మనిషంటే ఎవరో ఏటా గుర్తు చేసే కట్టుబాటు అది. మీ ఊళ్ళోనూ జాతర ఉంటే ఆ వారం ఇంట్లోనే ఉండి పరుపులు, బియ్యపు డబ్బాలు, పెట్టెలు ఎండలో పెట్టండి, చెద పరీక్ష చేయండి. మొదటి వానలకు రెక్కల చెదలు లేచేది దీని తరువాతే.

పెద్దల అమావాస్య సెప్టెంబరు, అక్టోబరు నడుమ వస్తుంది. పెద్దలకు పెట్టుకున్న మరునాడు మిద్దెక్కి తూములు, వాలు, పిట్టగోడ చూసుకోవాలి. ఈశాన్య వానలకు ముందు ఇదే ఆఖరి అవకాశం. నాలుగు సందర్భాల్లో ఒక్కదానికే రాగలిగితే దీనికి రండి. సంక్రాంతి ఫొటోలకు బాగుంటుంది, ఇంటిని కాపాడేది మాత్రం ఈ రాక.

దీపావళికో కార్తీకంలోనో వాన కురుస్తుండగా ఒక పూట ఉండండి. కారే చోటు కళ్ళతో చూడొచ్చు.

మిగతా రోజులకు తాళంచెవి ఒకటి ఊళ్ళో ఉండాలి. పక్కింటి పెద్దమ్మకు ఇచ్చి, పదిహేను రోజులకొకసారి ముందు, వెనక తలుపులు రెండు గంటలు తెరిచి, దేవుడి గూట్లో దీపం పెట్టమనండి. నెలనెలా డబ్బు ఇవ్వండి, మొహమాటపడి మానకండి. ఊరికే చేసే సాయం ఆర్నెల్లకు తగ్గిపోతుంది, ఆమెకూ అడగడానికి మనసు రాదు. ఆమె ఏం చూడాలో చెప్పేటప్పుడు "ఇల్లు చూస్తుండు పెద్దమ్మా" అనొద్దు. "గడప కింద మట్టి లేచిందా, మిద్దె తూము పారుతోందా, వంటింటి ఈశాన్యం మూల తడిసిందా, ఈ మూడే చూడు పెద్దమ్మా, చూసి మా చెల్లికి ఫోన్ చెయ్యి" అని చెప్పండి.

చాలాకాలానికి తెరిచేటప్పుడు

ముందు బయట చుట్టూ తిరిగి గోడ ఉబ్బిందా, తేనెతుట్టె ఉందా చూడండి. వెనక తలుపు, ముందు తలుపు తెరిచి అరగంట బయటే ఉండండి. పాము ఉంటే పోవడానికి దారి ఇచ్చినట్టూ అవుతుంది, మూసిన గాలీ పోతుంది. గ్యాసు వాసన లేదని తేలేదాకా స్విచ్చు వేయొద్దు. కర్రతో తట్టుకుంటూ, బూట్లు వేసుకుని లోపలికి పోవాలి. పాము కాటేస్తే కోయడం, గట్టిగా కట్టడం చేయకుండా 108కి ఫోన్ చేసి, మనిషిని కదలనీయకుండా ఆసుపత్రికి చేర్చండి.

ఎలుక పెంటికలు, గబ్బిలాల రెట్టలు పొడిగా ఊడవొద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే జబ్బు చేస్తుంది. మాస్కు కట్టుకుని, ఒక పాలు బ్లీచింగు ద్రావణానికి పది పాళ్ళ నీళ్ళు కలిపి చల్లి, పది నిమిషాలు నాననిచ్చి, తడిగుడ్డతో తీసేయండి.

పాత సామాను ఆ ఊపులో పారేయొద్దు. తిరగలి, ఉట్టి, ఇత్తడి అండా వంటివాటి మీద నోటుబుక్కులో ఎవరైనా పేరు రాసి ఉండొచ్చు. ఇత్తడిని చింతపండుతో తోమి, ఎండలో బాగా ఆరబెట్టి, నూలు గుడ్డలో చుట్టండి. ప్లాస్టిక్ సంచిలో కడితే చెమ్మకు నల్లబడుతుంది. తాత, అవ్వల ఫొటోలు గోడకు నేరుగా ఆననీయకుండా ఫ్రేము కింది అంచున వెనక రెండు బెండు ముక్కలు అంటించండి, గాలి ఆడి చెమ్మ పట్టదు.

కాగితాలు

దస్తావేజులు తాళం వేసిన ఇంట్లో ఉంచనేకూడదు. పల్లె నడిబొడ్డు ఇళ్ళు చాలావరకు గ్రామకంఠంలో, అంటే ఊరి నివాసాల కోసం విడిచిన స్థలంలో ఉంటాయి, వాటికి వరుసగా దస్తావేజులు ఉండవు. అక్కడ మీ స్వాధీనానికి బలమైన రుజువులు ఏటా కట్టిన ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు. ఒక్క ఏడూ తప్పకుండా కట్టి దాచండి. పన్ను ఇంకా తాత పేరునే ఉంటే మరణ ధృవపత్రం, వారసుల వివరాలతో పంచాయతీ కార్యదర్శిని కలిసి పేరు మార్పించుకోండి. ఊళ్ళ నివాస స్థలాలను డ్రోనులతో కొలిచే స్వామిత్వ పథకం 2020లో మొదలైంది. మీ ఊరికి కొలతలవాళ్ళు వచ్చే రోజున ఇంటి మనిషి ఒకరు హద్దు దగ్గర నిలబడి ఉండాలి, తాళం వేసిన ఇంటి హద్దే తప్పుగా పడేది. ఓటు మాత్రం ఇల్లుంది కదా అని ఊళ్ళో ఉంచుకోలేరు. ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడ నివాసం ఉన్నట్టు కాదని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టమే చెబుతోంది.

తాళం వేసే ముందు

బియ్యం, పప్పు, నూనె ఏదీ మిగల్చొద్దు, ఎలుకను పిలిచేది అవే. పొయ్యిలో బూడిద తీసి, దొడ్లో చెట్లకు వేయండి. మంచాలు గోడకు జానెడు దూరం జరపండి. అలమర తలుపులు తెరిచే ఉంచండి. తలుపు కింద సందు సెంటీమీటరు మించితే రబ్బరు పట్టీ కొట్టండి. కిటికీలకు సన్న కంతల ఇనుప జాలీ ఉంటే రెక్కలు పూర్తిగా మూయకుండా రెండంగుళాలు వదిలి గొళ్ళెం పెట్టండి, గాలి ఆడాలి. గ్యాసు సిలిండరు రెగ్యులేటరు విప్పండి, మెయిను ఆపండి, తూముల్లో నీళ్ళు, నూనె పోయండి. తులసికోటను పక్కింటికి అప్పజెప్పి ఒక చెంబు కూడా ఇవ్వండి. గడప కడిగి, పసుపు పూసి, ఆ రోజు తేదీని తలుపు లోపలి వైపు సుద్దముక్కతో రాసి, తాళం వేయండి. మళ్ళీ వచ్చినవాళ్ళు ఆ తేదీ కిందే తమ తేదీ రాయాలి. రెండు తేదీల మధ్య మూడు నెలలు దాటితే గడప, తూము, దూలం కొసలు మళ్ళీ మొదటి నుంచి చూడాలి.